ఎదుగుదలలో ఆలస్యం: అంగన్‌వాడీలో, క్రెష్‌లో పిల్లలను గమనించే పద్ధతి

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. పిల్లల ఎదుగుదలకు మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న లెక్క ఇది. కొత్తగా చేరిన బాబు గురించి తల్లిని "ఎన్నో నెలలో నడిచాడమ్మా?" అని అడిగితే "అందరిలాగే నడిచాడండీ" అంటుంది. "అరిసెలు ఎప్పుడు పంచారు? సంక్రాంతికి ముందా, తర్వాతా?" అని అడిగితే ఆ రోజు ఆమెకు కళ్ళముందు కదులుతుంది, నెల దానంతటదే బయటికొస్తుంది. ఒక్కోసారి "ఇంకా పంచలేదు మేడం" అని నెమ్మదిగా అంటుంది. మన పని అక్కడే మొదలవుతుంది.

నేను చాలా ఏళ్ళు అంగన్‌వాడీ పిల్లల మధ్యే గడిపాను. ఇది అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, క్రెష్‌లూ ప్లేస్కూళ్ళూ నడిపేవారికి రాస్తున్నాను. డాక్టరు పిల్లవాడిని పది నిమిషాలు చూస్తారు, అదీ ఏడుస్తుండగా. తల్లి రోజంతా చూస్తుంది, కానీ తన బిడ్డనే చూస్తుంది. ఒకే ఈడు పిల్లలు పదిహేను మంది ఒకే చాప మీద కూర్చుని ఒకే పాటకు చేతులు ఊపుతుంటే చూసేది మనం. తేడా మొదట మన కంటికే ఆనాలి. నెలనెలా బరువు తూస్తాం, ఎత్తు కొలుస్తాం. మాట, నడక, చూపు, ఆట కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఒక్క విషయం ముందే గట్టిగా చెబుతాను. బిడ్డకు ఏం జబ్బో తేల్చడం మన పని కాదు. చూసింది చూసినట్టు రాసి, సమయం దాటకముందే సరైన చోటికి పంపడం మన పని. స్క్రీనింగ్, అంటే అనుమానమున్న పిల్లలను ముందుగా ఏరి పెట్టడం, జల్లెడ లాంటిది. జల్లెడలో మిగిలిన ప్రతి గింజా రాయి కాదు, కానీ ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలి.

మొదటి మెట్టు: వయసు సరిగ్గా తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మన వాళ్ళు "మూడో ఏడు నడుస్తోంది" అంటారు. అంటే నిండింది రెండేళ్ళే. దాన్ని మూడేళ్ళని రాసుకుంటే ఆలస్యం లేని బిడ్డలో ఆలస్యం కనబడుతుంది. నోటి మాట మీద ఆధారపడకుండా తల్లీబిడ్డల కార్డు తెప్పించి, పుట్టిన తేదీ చూసి, నెలల్లో లెక్కకట్టండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇంకో లెక్క ఉంది. నిండు కాన్పుకు 40 వారాలు. 32 వారాలకే పుట్టిన పాప 8 వారాలు ముందు వచ్చినట్టు. పుట్టిన తేదీ ప్రకారం 10 నెలలున్నా, ఎదుగుదల చూసేటప్పుడు 8 నెలల పాపగానే చూడాలి. రెండేళ్ళు నిండేదాకా ఇలా తగ్గించి లెక్కకట్టాలి.

అదే కూర్చోవడంలో తల్లిని ఇంకొన్ని అడగండి. పుట్టగానే ఏడవలేదా? బరువు రెండున్నర కిలోలకు తక్కువా? ఆస్పత్రిలో బాక్సులో పెట్టారా, ఎన్ని రోజులు? కామెర్లు ఎక్కువయ్యాయా? ఫిట్స్ వచ్చాయా? దగ్గరి బంధువుల్లో పుట్టుచెవుడు, నడక రాకపోవడం లాంటివి ఉన్నాయా? మేనరికమా అనేది కూడా అడగాలి, కానీ తప్పు పట్టినట్టు కాకుండా, అందరినీ అడిగే ప్రశ్నలాగే అడగాలి. వీటిలో దేనికైనా "అవును" వస్తే ఆ బిడ్డ పేజీ పైన గుర్తు పెట్టుకుని, మిగతా వాళ్ళకంటే తరచుగా చూడండి.

రెండో మెట్టు: నోట్‌బుక్

ఈ మొత్తం పద్ధతికి గుండెకాయ ఇదే. రెండు వందల పేజీల మామూలు నోట్‌బుక్ చాలు. ఒక్కో బిడ్డకు నాలుగు పేజీలు కేటాయించండి. రోజూ అందరి గురించీ రాయాలనుకుంటే వారం తిరక్కుండానే మానేస్తారు. రోజుకు ఇద్దరిని ఎంచుకోండి. ముప్పై మంది ఉన్నా మూడు వారాల్లో అందరూ ఒకసారి వచ్చేస్తారు.

రాసేటప్పుడు మన అభిప్రాయం కాదు, కంటికి కనిపించింది రాయాలి. "మొండివాడు, చెప్పిన మాట వినడు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఇలా రాసి చూడండి:

"జూలై 8, ఉదయం 11. వెనకనుంచి ఆయా పేరు పెట్టి మూడుసార్లు పిలిచింది. తిరగలేదు. వంటగదిలో కుక్కర్ విజిల్ వేస్తే వెంటనే తిరిగాడు. భుజం తడితే ముఖంలోకి చూసి నవ్వాడు."

ఈ నాలుగు ముక్కలు చదివితే డాక్టరుకు చాలా తెలుస్తుంది. కుక్కర్ విజిల్ వినబడింది కాబట్టి చెవులు బాగున్నట్టేనని మనం అనుకుంటాం. కానీ కొన్ని శబ్దాలు వినబడి, మాటలు స్పష్టంగా వినబడని పిల్లలుంటారు. పేరు పిలిస్తే పలకకపోవడానికి వినికిడి లోపం కారణం కావచ్చు, ఆటిజం (నలుగురితో కలవడంలో, మాట్లాడటంలో తేడా ఉండే ఎదుగుదల సమస్య) కావచ్చు, ఆటలో మునిగిపోయి ఉండవచ్చు. వీటిలో ఏదో తేల్చడానికి డాక్టర్లున్నారు. ఆ ముక్క వాళ్ళదాకా చేర్చేది మన నోట్‌బుక్.

ఒక్కరోజు చూసి నిర్ణయానికి రాకండి. అన్నం పెట్టేటప్పుడు, పాట పాడేటప్పుడు, బయట ఆడేటప్పుడు, తల్లి వదిలి వెళ్ళేటప్పుడు, ఇలా వేరు వేరు సమయాల్లో కనీసం మూడు నాలుగు రోజులు చూడండి. జ్వరం, ఆకలి, నిద్రమత్తు ఉన్న రోజు లెక్కలోకి రాదు. కొత్తగా చేరినవాడు మొదటి రెండు మూడు వారాలు నోరు విప్పకపోవడం మామూలే. వాడు ఇంట్లో ఎలా ఉంటాడో తల్లిని అడిగి, అది కూడా "తల్లి చెప్పింది" అని విడిగా రాయండి.

అల్లరి పిల్లలను అందరం గమనిస్తాం. మూలన కూర్చునే పిల్లలను వదిలేస్తాం. నాకు ఈ విషయం తెలిసింది ఒక పాప వల్ల. మూడున్నరేళ్ళది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చునేది, ఎవరితోనూ గొడవ పడేది కాదు. బుద్ధిమంతురాలని ఏడాది పాటు మెచ్చుకున్నాను. ఆ పాపకు చెవి కారుతూ ఉండేదని, సగం మాటలు వినబడేవి కావని తర్వాత తెలిసింది. ఆ ఏడాది నేను పోగొట్టిన ఏడాది. అందుకే చెబుతున్నాను, నోట్‌బుక్‌లో మొదటి పేజీలు మీ సెంటర్‌లో అందరికంటే నెమ్మదైన పిల్లలకు ఇవ్వండి.

మూడో మెట్టు: ఏ వయసులో ఏం చూడాలి

పెద్ద సామాను అక్కర్లేదు. ఒక గిలక్కాయ, ఎర్రటి ఊలు బంతి, పది చిన్న చెక్క దిమ్మలు, గ్లాసు, చెంచా, చేతి అద్దం, బొమ్మల పుస్తకం, గుప్పెడు మరమరాలు. చింతపిక్కలు, గోళీలు వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి.

మొదట నడక గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో ప్రచురించిన లెక్కల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎంత తేడా ఉందో చూడండి. పక్కింటి పాప పదో నెలలో నడిచిందని మన బాబు గురించి టెన్షన్ పడక్కర్లేదు. అసలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడిచే పిల్లలు ఆ పరిశీలనలో నూటికి నలుగురికి పైగా ఉన్నారు. కానీ 18 నెలలు నిండినా అడుగు పడలేదంటే ఇక ఎదురుచూడకూడదు.

చేతుల్లో చూడాల్సింది ఇంకోటి ఉంది. ఏడాది లోపు బిడ్డ ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటూ, రెండో చేతిని పిడికిలి బిగించి ఉంచుకుంటే "కుడిచేతి వాటం" అని మురిసిపోతాం. ఆ వయసులో చేతివాటం ఏర్పడదు. రెండో చేతిలో బలం తక్కువేమో చూపించాలి. పది నెలల వయసులో మరమరాలు ముందు పెడితే బొటనవేలు, చూపుడువేలు కలిపి ఏరుకోవడానికి ప్రయత్నిస్తారు. ఏడాది దాటినా అరచేత్తోనే ఊడుస్తుంటే రాసుకోండి. మూడేళ్ళు దాటిన మగపిల్లవాడు కింద కూర్చుని లేవాలంటే తన తొడల మీద చేతులు ఆనించి ఒంటిమీద పాకుతున్నట్టు లేస్తున్నాడా, తరచూ పడిపోతున్నాడా, పిక్కలు లావుగా ఉన్నాయా? ఇది కండరాల జబ్బుకు గుర్తు కావచ్చు. తల్లిదండ్రులు దీన్ని "బలం లేదు, గుడ్లు పెట్టండి" అని వదిలేస్తారు.

మాట కంటే ముందు వేలు వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలామంది పిల్లలను త్వరగా పట్టుకోవచ్చు. మనం చందమామను చూపిస్తూ "అదుగో చందమామ" అంటే ఏడాది దాటిన బిడ్డ మన వేలివైపు కాకుండా ఆకాశంవైపు చూస్తుంది. ఏడాదిన్నరకు తనే కుక్కనో, బస్సునో వేలితో చూపించి, మనం చూశామో లేదో మన ముఖంలోకి చూస్తుంది. కావాల్సింది అడగడానికి చూపించడం ఒకటి, "నువ్వూ చూడు" అని చూపించడం ఇంకొకటి. రెండోది లేకపోవడం, పేరు పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, బొమ్మకారుతో ఆడకుండా దాని చక్రమే తిప్పుతూ కూర్చోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే ఆలస్యం చెయ్యకండి.

మూడు నుంచి అయిదేళ్ళ వాళ్ళను చూడటం తేలిక, ఆటలోనే తెలిసిపోతుంది. మూడేళ్ళకు గుండ్రని గీత గీస్తారు, కొత్తవాళ్ళకు కూడా చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడతారు, ఉత్తుత్తి వంట చేసి మనకు పెడతారు. అయిదేళ్ళకు ఒంటికాలి మీద గెంతుతారు, జరిగిన సంగతి వరుసగా చెబుతారు.

ఇంట్లో గోండీ, కోయ, సవర, ఉర్దూ, ఒడియా మాట్లాడే పిల్లలు తెలుగు సెంటర్‌లో మౌనంగా ఉంటే అది ఆలస్యం కాదు. ఇటుక బట్టీల దగ్గర ఉండే వలస కుటుంబాల పిల్లల విషయంలో ఈ పొరపాటు బాగా జరుగుతుంది. తల్లిని కూర్చోబెట్టుకుని, ఇంటి భాషలో ఎన్ని మాటలు వచ్చో, తెలుగులో ఎన్ని వచ్చో రెండూ కలిపి లెక్కపెట్టండి.

కింద రాసినవి కనిపిస్తే "ఇంకో నెల చూద్దాం" అనకుండా పంపాలి:

- 3 నెలలకు ముఖం చూసి నవ్వకపోవడం; 5 నెలలకు మెడ నిలవకపోవడం
- 9 నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం
- ఏడాదికి "బాబాబా, తాతాతా" లాంటి పలుకులు గానీ, టాటా చెప్పడం, చేతులు చాపడం లాంటి సైగలు గానీ లేకపోవడం
- 16 నెలలకు ఒక్క మాట, రెండేళ్ళకు "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి జంట మాటలు లేకపోవడం
- 18 నెలలకు నడక రాకపోవడం. నడిచాక ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడవడం
- ఏ వయసులోనైనా, వచ్చిన మాట లేదా వచ్చిన పని పోవడం

చివరిది అన్నిటికంటే ముఖ్యం. "ఏడాదికి అత్త, తాత అనేవాడు, ఇప్పుడు అనడం లేదు" అని తల్లి అంటే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి చేరాలి.

నాలుగో మెట్టు: చెవి, కన్ను

మాట రాని ప్రతి బిడ్డకూ ముందు వినికిడి పరీక్ష జరగాలి. సెంటర్‌లో మనం చేసేది చిన్న పరిశీలనే. బిడ్డ వెనక, కంటికి కనబడకుండా, ఒక చేతి దూరంలో నిలబడి మెల్లగా పిలవండి. తర్వాత గిలక్కాయ ఊపండి. మన నీడ ముందు పడినా, గాలి తగిలినా బిడ్డ తిరుగుతుంది, మనం వినబడిందనుకుంటాం. అందుకే వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకుని నిలబడండి. తిరిగినా సరే, మాట ఆలస్యమైతే ఆస్పత్రిలో అసలు పరీక్ష చేయించాల్సిందే.

కళ్ళకు: మెల్ల ఉందా, బొమ్మల పుస్తకం ముక్కుకు ఆనించుకుంటున్నాడా, తల ఒకవైపు వంచి చూస్తున్నాడా? కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే అదే రోజు పంపండి. అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు, రోజులు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు.

అయిదో మెట్టు: పట్టికతో సరిచూడటం

నోట్‌బుక్‌లో అనుమానం వచ్చాక ఒక ప్రామాణిక పట్టికతో సరిచూసుకోవచ్చు. మన చేతిలో ఉన్న తల్లీబిడ్డల కార్డులోనే ఏ వయసుకు ఏం చెయ్యాలో బొమ్మలతో ఉంటుంది. ఆ పేజీలను చాలామంది తెరవరు.

కేరళలో తయారైన త్రివేండ్రం పట్టిక చాలా సులువు. రెండేళ్ళ లోపు పిల్లలకు 17 అంశాలే ఉంటాయి. ఒక్కో అంశం ఏ వయసు నుంచి ఏ వయసు లోపు రావాలో ఒక అడ్డగీతగా గీసి ఉంటుంది. బిడ్డ వయసు దగ్గర స్కేలు నిలువుగా పెట్టాలి. స్కేలుకు ఎడమవైపే పూర్తిగా ముగిసిపోయిన గీతల్లో ఏ ఒక్కటి బిడ్డకు రాకపోయినా ఆలస్యం ఉన్నట్టు లెక్క. 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానానికి ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల జాబితా ఉంది. మార్కులు 0 నుంచి 2 దాకా ఉంటే ప్రమాదం తక్కువ, 3 నుంచి 7 దాకా అయితే మరిన్ని ప్రశ్నలతో సరిచూడాలి, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికే. ప్రశ్నలు చదివేటప్పుడు జవాబు అందించకండి. "వేలితో చూపిస్తాడు కదా?" అని అడిగితే ఏ తల్లయినా "చూపిస్తాడు" అనే అంటుంది. "వాడికి ఏదైనా నచ్చితే మీకెలా చెబుతాడు?" అని అడగండి.

పట్టికలో అన్నీ బాగానే ఉండి, తల్లికి మాత్రం మనసులో ఏదో పీకుతుంటే తల్లి మాటకే విలువివ్వండి.

ఆరో మెట్టు: ఇంట్లో వాళ్ళకు చెప్పడం

అన్నిటికంటే కష్టమైనది ఇదే. బిడ్డను తీసుకెళ్ళడానికి నలుగురు తల్లులు గుమ్మంలో నిలబడ్డప్పుడు చెప్పకూడదు. ముందురోజే "రేపు పావుగంట కూర్చుందాం, వీలైతే అత్తగారిని కూడా తీసుకురామ్మా" అనండి. ఇంట్లో నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు వినాలి. తల్లి ఒక్కతే విని ఇంటికెళ్ళి చెబితే నింద ఆమె మీదే పడుతుంది.

బిడ్డకు వచ్చినవాటితో మొదలుపెట్టండి. "బాబు దిమ్మలు చక్కగా పేరుస్తున్నాడమ్మా, పాట పెడితే ఊగుతాడు. ఒక విషయం మాత్రం నేను వారం నుంచి గమనిస్తున్నాను. పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదు. ఇదిగో, రాసుకున్నాను. ఇంట్లో కూడా అలాగే ఉంటాడా?" అని ఆగిపోండి. వాళ్ళను మాట్లాడనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆటిజం, మూగ, మెంటల్ లాంటి మాటలు మన నోటివెంట రాకూడదు.

అప్పుడు వచ్చే జవాబులు దాదాపు అందరికీ తెలిసినవే. "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి." "మగపిల్లలకు ఆలస్యమే కదండీ." "వస పోశాం, వస్తాయి." "నాలుక కింద తీగ ఉందట, కోయిస్తాం." "ఫోన్ ఎక్కువ చూస్తాడు, అందుకే." వాదించకండి. మగపిల్లలకు కాస్త ఆలస్యం ఉన్నా అది కొద్దిపాటిదే. రెండేళ్ళు దాటినా ఒక్క మాట లేకపోవడానికి అది కారణం కాదు. నాలుక తీగ వల్ల కొన్ని అక్షరాలు పలకడం ఇబ్బంది కావచ్చు గానీ అసలు మాటే రాకుండా పోదు. ఫోన్ తగ్గించాల్సిందే, రెండేళ్ళ లోపు పిల్లలకు ఫోన్, టీవీ వద్దే వద్దు. అయితే "ఫోన్ మాన్పించాక చూద్దాం" అని చెవుల పరీక్ష ఆరు నెలలు వాయిదా వెయ్యకూడదు. "అత్తమ్మా, మీరన్నట్టే అయితే మంచిదే. చూపించి వస్తే మనకు మనశ్శాంతి. తేడా ఉంటే ఇప్పుడైతేనే తొందరగా దారిలో పడతాడు" అంటే ఎక్కువమంది వింటారు. వినకపోతే రెండు వారాల తర్వాత మళ్ళీ కూర్చోండి. నాకు మూడోసారి ఒప్పుకున్న కుటుంబాలు ఉన్నాయి.

ఏడో మెట్టు: ఎక్కడికి పంపాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, పిల్లల జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ వాళ్ళు చూస్తారు. ఆ రోజు మీ నోట్‌బుక్ తెరిచి అనుమానమున్న పిల్లలనే ముందు చూపించండి. అందరినీ వరుసలో నిలబెడితే అసలు చూడాల్సినవాడికి రెండు నిమిషాలు కూడా మిగలవు.

కానీ బృందం కోసం ఆగకండి. రెండేళ్ళ బిడ్డకు ఆరు నెలలంటే ఇప్పటిదాకా బతికిన కాలంలో నాలుగో వంతు. ఆశా, ఏఎన్ఎంలతో మాట్లాడి, పీహెచ్‌సీ డాక్టరు చీటీతో జిల్లాలోని డీఈఐసీకి, అంటే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపండి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి–మాటల నిపుణులు, సైకాలజిస్టు ఒకేచోట చూసేందుకు ఏర్పాటైన కేంద్రమది, ఖర్చు ఉండదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ మేధోవికలాంగుల సంస్థలో కూడా చిన్న పిల్లల కోసం విభాగం ఉంది. 2023 నవంబర్‌లో కేంద్రం విడుదల చేసిన దివ్యాంగ బాలల అంగన్‌వాడీ ప్రోటోకాల్ ప్రకారం గుర్తించడం, కలుపుకోవడం, పంపడం మన బాధ్యతలే. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యాన్ని ధ్రువీకరించే పత్రం, వచ్చాకే థెరపీ అనే అపోహ కొందరిలో ఉంది. అలా ఆగక్కర్లేదు.

పంపేటప్పుడు నోట్‌బుక్ పేజీల ఫోటోలు, తల్లీబిడ్డల కార్డు, మొబైల్‌లో తీసిన రెండు నిమిషాల వీడియో తల్లి చేతికివ్వండి. వీడియో తల్లి ఫోన్‌లోనే తియ్యండి. సెంటర్ వాట్సాప్ గ్రూపులో అలాంటివి పెట్టకూడదు.

ఎనిమిదో మెట్టు: ఈలోగా సెంటర్‌లో

తేదీ దొరికి, పరీక్షలై, థెరపీ మొదలయ్యేసరికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో బిడ్డను మూలన కూర్చోబెట్టవద్దు. ఎదురుగా, ముఖం కనబడేలా కూర్చుని మాట్లాడండి. కూరగాయలు తరుగుతూ "ఇదిగో వంకాయ, ఇదిగో ఉల్లిపాయ" అని చేతికివ్వండి. నీళ్ళు కావాలని గ్లాసు వైపు చూస్తే వెంటనే ఇచ్చెయ్యకుండా "నీళ్ళా?" అని నాలుగు క్షణాలు ఆగండి. ఏ శబ్దం చేసినా, వేలు చూపినా అది మాటే, వెంటనే ఇవ్వండి. ఆటలో నెమ్మదైన స్నేహితుడొకణ్ణి జత చెయ్యండి. పిల్లలు పిల్లల దగ్గర నేర్చుకున్నంతగా మన దగ్గర నేర్చుకోరు.

పంపిన రోజే ఆ బిడ్డ పేజీలో పదిహేను రోజుల తర్వాతి తేదీ ఒకటి ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళండి. వెళ్ళలేదంటే ఎందుకో అడగండి. బస్సు ఛార్జీలా, కూలి పోతుందనా, అత్తగారు వద్దన్నారా? దేనికి దానికి దారి వెతకాలి, కొన్నిసార్లు మనం తోడు వెళ్ళాల్సి వస్తుంది. వెళ్ళొస్తే డాక్టరు ఏమన్నారో, ఇంట్లో ఏం చెయ్యమన్నారో చీటీ చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి. అవే పనులు సెంటర్‌లోనూ చేయించి, మళ్ళీ చూపించాల్సిన తేదీని కింద ఎర్ర పెన్నుతో వెయ్యండి.